పెత్తనం మారిందని పత్రికలకు చెప్పేటప్పుడు వినకూడని తొమ్మిది సలహాలు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో నిర్ణయాలు తీసుకునేవాళ్లు మారినప్పుడు, ఆ సంగతి బయటి పత్రికలకు చెప్పే పని చాలాసార్లు అలవాటు లేనివాళ్ల నెత్తిన పడుతుంది. నిన్నటిదాకా కోడ్ రాసినవాళ్లు, బగ్గులు చూసినవాళ్లు, డాక్యుమెంటేషన్ దిద్దినవాళ్లు రాత్రికి రాత్రి ప్రెస్ నోట్ రాయాల్సి వస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక సలహా పడేస్తారు. వాటిలో ఎక్కువ భాగం కంపెనీల ప్రచార విభాగాల నుంచి అరువు తెచ్చుకున్నవే. గదిలో కూర్చుని నిర్ణయాలు తీసుకునే కంపెనీకి అవి నప్పుతాయేమో గానీ, అందరి కళ్లముందూ నడిచే ప్రాజెక్టుకు చేటే చేస్తాయి.

ఇదంత పట్టించుకోవాల్సిన విషయమా అని ఎవరికైనా అనిపిస్తే, అమీర్‌పేటలో పైథాన్ కోర్సుకు ఫీజు కట్టిన కుర్రాడిని తలచుకోండి. ‘పైథాన్ సృష్టికర్త తప్పుకున్నాడు’ అని ఫోన్‌లో కనిపిస్తే అతనికి వచ్చే మొదటి అనుమానం ‘నేను కట్టిన డబ్బు ఏమైనట్టు?’ అని. సర్వర్లు చూసుకునే ఉద్యోగి ‘రేపటి నుంచి భద్రతా అప్‌డేట్లు వస్తాయా?’ అని కంగారు పడతాడు. ప్రాజెక్టు లోపలి రాజకీయం వాళ్లకు పట్టదు. వాళ్లకు కావాల్సింది మూడు సమాధానాలు. ఇప్పటిదాకా ఎవరు నిర్ణయించారు? ఇకమీదట ఎవరు నిర్ణయిస్తారు? వాడుకునేవాళ్లకు ఏం మారుతుంది? ఈ మూడింటినీ దాచే సలహా ఎంత తెలివైనదిగా కనిపించినా తప్పుడు సలహానే. అలాంటివి తొమ్మిది, ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ‘ఇది మన ఇంటి విషయం, మనం చెప్పకపోతే ఎవరూ రాయరు’

ఓపెన్ సోర్స్‌లో గుట్టు నిలవదు. రాజీనామా కూడా అందరూ చదవగలిగే రికార్డులోకి ఎక్కుతుంది. 2021 నవంబరు 22న రస్ట్ భాష మోడరేషన్ టీమ్ మొత్తం తప్పుకుంది. కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీగా లేదన్నది వాళ్ల ఆరోపణ. ఆ మాటను వాళ్లు ప్రాజెక్టు బృందాల జాబితా ఉండే రిపాజిటరీలోనే, తమ పేర్లు తీసేసే మార్పుతో పాటు రాసి పెట్టారు. ప్రపంచం మొత్తం అక్కడే చదివింది.

ఇలాంటప్పుడు మీరు మౌనంగా ఉంటే వార్త ఆగదు. ఒక పక్షం మాటతోనే వెళ్లిపోతుంది. విలేకరి దగ్గర ఒక కాగితం ఉంది, రెండోది లేదు, అతను ఉన్నదాన్నే అచ్చు వేస్తాడు. రస్ట్‌లో చివరికి లీడర్‌షిప్ కౌన్సిల్ అనే కొత్త ఏర్పాటు 2023 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అంటే గొడవకూ పరిష్కారానికీ మధ్య ఏడాదిన్నర పట్టింది. పరిష్కారం ఇంకా దొరకలేదని ఊరుకోవద్దు. ‘ఫలానావారు తప్పుకున్నారు, కారణం వాళ్లు ఇలా చెప్పారు, ఆ బాధ్యత ఈరోజు నుంచి తాత్కాలికంగా ఫలానావారు చూస్తారు, తర్వాత ఏం చేయాలో చర్చ నడుస్తోంది’ అన్న నాలుగు వాక్యాలు అదే రోజు ఇవ్వగలిగితే చాలు. పత్రికలకు ఆ రోజుకు కావాల్సింది అంతే.

2. ‘శీర్షిక తియ్యగా ఉండాలి, చేదు సంగతి కింద పెట్టండి’

ఈ సలహా ఎంత నష్టం చేస్తుందో చూడాలంటే సెంటోస్ ప్రకటనను దగ్గరగా చదవాలి. సెంటోస్ అంటే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌కు ఉచిత ప్రతి. డబ్బు పెట్టలేని కాలేజీలు, హోస్టింగ్ కంపెనీలు, చిన్న సంస్థలు ఏళ్ల తరబడి దాని మీదే సర్వర్లు నడిపాయి. 2020 డిసెంబరు 8న వచ్చిన ప్రకటన శీర్షిక, ప్రాజెక్టు తన దృష్టిని సెంటోస్ స్ట్రీమ్ అనే మరో వెర్షన్ వైపు మళ్లిస్తోందని. దృష్టి మళ్లడమంటే వినేవాళ్లకు ఏమనిపిస్తుంది? ఏదో కొత్తది వస్తోంది, పాతది కాస్త నెమ్మదిస్తుంది అని.

అసలు సంగతి లోపల ఉంది. సెంటోస్ లైనక్స్ 8కి అప్‌డేట్లు 2021 డిసెంబరు 31తో ఆగిపోతాయి. ఆ వెర్షన్ విడుదలైంది 2019 సెప్టెంబరులో. 2029 దాకా ఉంటుందని నమ్మి జనం దానికి మారారు. అంటే ఎనిమిదేళ్ల దన్ను ఒక్క వాక్యంతో ఏడాదికి కుదించుకుపోయింది. అంతకన్నా విచిత్రం, పాతదైన సెంటోస్ 7 మాత్రం 2024 జూన్ దాకా కొనసాగుతుందన్నారు. కష్టపడి కొత్తదానికి మారినవాడు నష్టపోయాడు, మారకుండా కూర్చున్నవాడు నిశ్చింతగా ఉన్నాడు.

చదివినవాళ్లు శీర్షికను వదిలేసి తేదీని పట్టుకున్నారు. పత్రికలూ అంతే, ‘దృష్టి మళ్లింపు’ అన్న మాట పక్కన పెట్టి ‘సెంటోస్ చచ్చిపోయింది’ అన్న ధోరణిలో రాశాయి. అప్పటికి రెడ్ హ్యాట్ ఐబీఎం చేతికి వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు కాబట్టి, ఆ కొనుగోలును కూడా కథలోకి లాగాయి. సెంటోస్ తొలి వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ వెంటనే ప్రత్యామ్నాయంగా రాకీ లైనక్స్ పని మొదలుపెట్టారు. మరోపక్క 2021 మార్చి చివరికల్లా ఇంకో ప్రత్యామ్నాయమైన ఆల్మాలైనక్స్ తొలి స్థిర విడుదల బయటికొచ్చింది.

నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. నిర్ణయం నచ్చనివాళ్లు ఎలాగూ కోపగించుకునేవాళ్లే. కానీ శీర్షికలో మెత్తదనం వల్ల కోపానికి తోడు ‘మమ్మల్ని మభ్యపెట్టారు’ అన్న అభియోగం కూడా వచ్చి చేరింది. చేదు సంగతిని, తేదీతో సహా, మొదటి వాక్యంలో పెట్టండి. దాని వెనకే ‘ఇలా ఎందుకు’, ‘మీరు ఏం చేయవచ్చు’ అన్నవి రావాలి. శీర్షిక చదివి ఆగిపోయిన మనిషి కూడా తప్పుడు అభిప్రాయంతో వెళ్లకూడదు. ఏ ప్రకటనకైనా ఇదే పరీక్ష.

3. ‘ముందు పెద్ద పత్రికకు ఇద్దాం, సభ్యులకు తర్వాత చెప్పుకోవచ్చు’

పెద్ద పత్రికలో వస్తే గౌరవంగా ఉంటుందన్న ఆశ సహజమే. అయితే విలేకరి మొదటి ఫోన్ మీకు చేస్తే, రెండోది ప్రాజెక్టులో తనకు తెలిసిన ఇంకొకరికి చేస్తాడు. ఆ ఇంకొకరు ‘నాకూ ఇప్పుడే తెలిసింది’ అన్నారంటే, ఆ రోజు వార్త ఆ వాక్యమే.

పని చేసేవాళ్లకు ముందుగా తెలియకపోతే ఏమవుతుందో లైనక్స్ కెర్నల్ విషయంలో కనిపించింది. 2018 సెప్టెంబరు 16, ఆదివారం. లైనక్స్ 4.19 పరీక్షా విడుదలతో పాటు దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన ప్రవర్తనకు క్షమాపణ చెబుతూ, కొన్నాళ్లు పని నుంచి విరామం తీసుకుంటున్నట్టు రాశారు. ఆ విడుదల బాధ్యతను తోటి మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్‌కు అప్పగించారు. అదే సమయంలో పాత ‘కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ స్థానంలో కొత్త ప్రవర్తనా నియమావళి కెర్నల్‌లోకి చేరింది. క్షమాపణ, విరామం, కొత్త నియమావళి మూడూ ఒక్క రోజే. మూడు రోజులకల్లా న్యూయార్కర్ పత్రికలో కథనం వచ్చింది.

చిక్కు నియమావళి దగ్గర మొదలైంది. కెర్నల్‌లో చిన్న ప్యాచ్ కూడా పదిమంది చూశాకే లోపలికి వెళ్తుంది. అలాంటి చోట ఇంత పెద్ద మార్పు బహిరంగ చర్చ లేకుండా చేరిందని చాలామంది మెయింటెయినర్లు నొచ్చుకున్నారు. ఆ ఖాళీలోకి వదంతులు దూరాయి. నచ్చని డెవలపర్లు తమ కోడ్‌కు ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకుంటారట అన్న కథ వార్తల దాకా పాకింది. కెర్నల్ లైసెన్సైన జీపీఎల్ కింద ఒకసారి ఇచ్చిన అనుమతిని అలా వెనక్కి తీసుకోవడం కుదరదని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ లాంటి సంస్థలు వివరించాల్సి వచ్చింది. చివరికి అక్టోబరులో 4.19 పూర్తి విడుదలలో, ఆ నియమావళిని ఎలా అన్వయించాలో చెప్పే పత్రాన్ని కూడా జోడించారు. టోర్వాల్డ్స్ కూడా అదే నెలలో తిరిగి వచ్చారు.

ఆ వివరణ పత్రం మొదటి రోజే ఉండుంటే, మెయింటెయినర్లు దాన్ని ముందే చదివి ఉండుంటే, సగం వదంతులకు తావే ఉండేది కాదు. వరస ఇలా ఉండాలి: ముందు పని చేసేవాళ్లు, తర్వాత సభ్యులందరూ, ఆ వెంటనే పత్రికలు. వీటి మధ్య రోజులు గడవనక్కర్లేదు, కొన్ని గంటలు చాలు. వరస మాత్రం తలకిందులు కాకూడదు.

4. ‘విలేకరులకు మనుషుల కథలే కావాలి, నాయకుడి గురించే చెప్పండి’

మనుషుల కథ పత్రికలు ఎలాగూ రాసుకుంటాయి. దానికి మీ సాయం అక్కర్లేదు. మీ సాయం కావాల్సింది ఆ మనిషి లేచి వెళ్లాక ఆ కుర్చీ సంగతేమిటో చెప్పడానికి.

పైథాన్‌ను సృష్టించిన గిడో వాన్ రోసమ్ 2018 జులై 12న కోర్ డెవలపర్లకు ఒక ఈమెయిల్ రాశారు. భాషలో ఆఖరి మాట తనదిగా ఉండే స్థానం నుంచి శాశ్వతంగా తప్పుకుంటున్నానని, వారసుణ్ని నియమించనని, ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండని దాని సారాంశం. అంతకుముందు ‘:=’ అనే కొత్త ఆపరేటర్ ప్రతిపాదన మీద నెలల తరబడి నడిచిన వాదోపవాదాలతో ఆయన విసిగిపోయారు. ‘ఒక చిన్న గుర్తు కోసం గొడవపడి సృష్టికర్త వెళ్లిపోయాడు’ అన్నది పత్రికలకు కొట్టిన పిండి లాంటి కథ. బయట అదే తిరిగింది.

అసలు చెప్పుకోదగ్గ కథ ఆ తర్వాతి ఏడు నెలలది. పైథాన్‌ను ఎలా నడపాలన్న దానిపై ఏడు వేర్వేరు ప్రతిపాదనలు రాతపూర్వకంగా వచ్చాయి. ఒకటి మళ్లీ ఒకే నాయకుడు కావాలంది, ఇంకొకటి ముగ్గురు చాలంది, మరొకటి బయటివాళ్ల మండలి ఉండాలంది. మిగతా ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయో సర్వే చేసి ఒక పత్రం తయారు చేశారు. డిసెంబరులో కోర్ డెవలపర్లు ఓటేశారు. స్టీరింగ్ కౌన్సిల్ ప్రతిపాదన గెలిచింది. ఐదుగురు సభ్యులు, భాష ప్రతి పెద్ద విడుదల తర్వాత కొత్త ఎన్నిక, ఒకే సంస్థలో పనిచేసేవాళ్లు ఇద్దరికి మించకూడదు, మూడింట రెండొంతుల ఓటుతో ఎవరినైనా దించేయవచ్చు. ఇవీ నియమాలు. 2019 ఫిబ్రవరిలో ఎన్నికైన తొలి కౌన్సిల్‌లో బారీ వార్సా, బ్రెట్ కానన్, కరోల్ విల్లింగ్, నిక్ కాగ్లన్‌తో పాటు గిడో కూడా ఉన్నారు. ఇక ఎన్నికల్లో గెలిచిన ఐదుగురిలో ఆయనా ఒకరు, ఆయనదీ ఒక ఓటే.

ఈ ఒక్క వివరం విలేకరికి అందితే ‘వెళ్లిపోయాడు’ అన్న కథ పూర్తిగా మారిపోతుంది. వాదనకు కారణమైన ఆ ఆపరేటర్ కూడా 2019 అక్టోబరులో 3.8 వెర్షన్‌తో మామూలుగానే విడుదలైంది. అమీర్‌పేట కుర్రాడు ధైర్యంగా కోర్సు పూర్తి చేసుకోవచ్చనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? నాయకుడి మీద రెండు వాక్యాలు రాసి, నియమాల మీద ఆరు రాయండి. ఎంతమంది, ఎవరు ఎన్నుకుంటారు, ఎంతకాలం, ఎలా దించవచ్చు అన్నవి ఆ ఆరింటిలో ఉండాలి.

5. ‘మన పరిభాషలోనే రాస్తే కచ్చితంగా ఉంటుంది’

కచ్చితంగా ఉండేది లోపలివాళ్లకే. మార్పును ప్రకటించే నోట్లు తరచూ ఏ తరహాలో ఉంటాయో చూడండి:

‘టీఎస్‌సీ చార్టర్ సవరణను ఆమోదించింది. ఇకపై ఆర్ఎఫ్‌సీలకు లేజీ కన్సెన్సస్ బదులు నిర్ణీత కామెంట్ పీరియడ్ వర్తిస్తుంది. ఎస్కలేషన్లు స్టీరింగ్ కౌన్సిల్‌కు వెళ్తాయి.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అర్థమయ్యేదీ లేదు. సాయంత్రం ఎడిషన్ ముగించే హడావిడిలో ఉన్న సబ్ ఎడిటర్ దీన్ని చదివి, అర్థమైన ఒకే ఒక్క ముక్క ‘సవరణ’ పట్టుకుని ‘ప్రాజెక్టులో విభేదాలు?’ అని ప్రశ్నార్థకం పెట్టి పంపేస్తాడు. అదే సంగతిని ఇలా రాయవచ్చు:

‘ఇప్పటిదాకా ఎవరైనా ఒక మార్పు ప్రతిపాదిస్తే, ఎవరూ అడ్డు చెప్పకపోతే అది ఆమోదం పొందినట్టే. వచ్చే నెల 1 నుంచి ప్రతి పెద్ద ప్రతిపాదనా పది రోజులు అందరి ముందూ ఉంటుంది. అభ్యంతరం తేలకపోతే సభ్యులు ఎన్నుకున్న ఐదుగురి కౌన్సిల్ నిర్ణయిస్తుంది. వాడుకునేవాళ్లు చేయాల్సిందేమీ లేదు. లైసెన్సు, విడుదల తేదీలు మారవు.’

నిడివి కాస్త పెరిగింది, కానీ సబ్ ఎడిటర్‌కు ఊహించుకునే అవసరం తప్పింది. పైగా ‘మారనివి ఏమిటి’ అన్న చివరి వాక్యం వార్తలో యథాతథంగా దిగుతుంది. లైసెన్సు మారనప్పుడు మారలేదని చెప్పి తీరాలి. చెప్పకపోతే, ఈ మధ్య జరిగిన లైసెన్సు గొడవలు చూసినవాళ్లు మీదీ ఆ బాపతే అనుకుంటారు.

తెలుగు పత్రికల సంగతి వేరే చెప్పాలి. ఈ రంగం వార్తలు మన డెస్కులకు సాధారణంగా ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీ నుంచే వస్తాయి. ఇంగ్లిష్‌లో గజిబిజిగా ఉన్నది తెలుగులోకి వచ్చేసరికి ఇంకో మెట్టు దిగజారుతుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ లాంటి ప్రాజెక్టులను తెలుగులోకి తెచ్చిన స్థానికీకరణ వలంటీర్లు మన మధ్యే ఉన్నారు. అలాంటివాళ్లున్న ప్రాజెక్టు వాళ్లనే అడిగి ఆరు వాక్యాల తెలుగు నోటు కూడా విడుదల చేయవచ్చు. ఖర్చులేని పని, ఫలితం ఎక్కువ.

6. ‘ఏం మారినా “ఓపెన్” అన్న మాట, “ఎప్పటికీ” అన్న హామీ వదలొద్దు’

ఇది ఈ తొమ్మిదింటిలోకీ ప్రమాదకరమైనది, ఎందుకంటే ఇది నిజాయితీని తినేస్తుంది. 2021 జనవరిలో ఎలాస్టిక్ సంస్థ తన సెర్చ్ సాఫ్ట్‌వేర్‌ను అపాచీ లైసెన్సు నుంచి తప్పించి, ఎస్ఎస్‌పీఎల్, సొంత లైసెన్సుల కిందికి మార్చింది. ఆ ప్రకటనకు పెట్టిన శీర్షిక మాత్రం ఓపెన్‌నెస్‌కు మరింత కట్టుబడుతున్నామన్న అర్థంలో ఉంది. ఎస్ఎస్‌పీఎల్ ఓపెన్ సోర్స్ లైసెన్సు కాదని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ కొద్ది రోజుల్లోనే బహిరంగంగా చెప్పింది. అమెజాన్ వేరు కుంపటి పెట్టి ఓపెన్‌సెర్చ్ తెచ్చింది. 2024 ఆగస్టులో ఎలాస్టిక్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సును కూడా చేర్చి, తమ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఓపెన్ సోర్స్ అయిందని సంబరంగా ప్రకటించింది. మళ్లీ అయిందంటే మధ్యలో కాదనే కదా.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రెడిస్‌ది ఇంకో పాఠం. 2018లో కొన్ని అదనపు మాడ్యూళ్ల లైసెన్సు మార్చినప్పుడు, అసలు రెడిస్ మాత్రం ఎప్పటికీ బీఎస్‌డీ లైసెన్సు కిందే ఉంటుందని దాని వెనకున్న కంపెనీ హామీ ఇచ్చింది. 2024 మార్చి 20న ఆ హామీ పోయింది. ఆ రోజు విమర్శకులకు కొత్త వాదనలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, పాత హామీని పక్కన పెట్టి చూపిస్తే సరిపోయింది. ఎనిమిది రోజుల్లో లైనక్స్ ఫౌండేషన్ నీడలో వాల్కీ అనే చీలిక పుట్టింది. రెడిస్ కోర్ టీమ్‌లో ఉన్న బయటి సంస్థల ఇంజనీర్లు దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఉన్నారు. 2025 మేలో రెడిస్ కూడా ఏజీపీఎల్‌ను చేర్చుకుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. భవిష్యత్తు మీద హామీ ఇచ్చే హక్కు నోటు రాసేవాడికి ఉండదు. ‘ఎప్పటికీ’ బదులు, లైసెన్సు లాంటిది మారాలంటే ఏ మెట్లు దాటాలో రాయండి: ‘లైసెన్సు మార్చాలంటే సభ్యుల ఓటు తప్పనిసరి’. అది నియమావళిలో ఉన్న వాక్యమైతే రాయండి, లేకపోతే రాయకండి.

7. ‘వెళ్లిపోయినవాళ్లను పట్టించుకోకండి, లేదా చిన్నబుచ్చండి’

2014 డిసెంబరులో నోడ్.జేఎస్ ముఖ్య డెవలపర్లు కొందరు, ఒకే కంపెనీ పట్టులో ప్రాజెక్టు ముందుకు సాగడం లేదని ఐఓ.జేఎస్ పేరుతో చీలిపోయారు. కాసేపు ఆలోచించండి, ఆ రోజు ఎవరైనా పత్రికల ముందు వాళ్లను ద్రోహులన్నారనుకుందాం. 2015 సెప్టెంబరుకు ఏమైంది? నోడ్ 4.0తో రెండూ మళ్లీ ఒకటయ్యాయి. కొత్తగా ఏర్పడ్డ ఫౌండేషన్ కింద, చీలిపోయినవాళ్లు నడిపి చూపించిన బహిరంగ నిర్వహణ పద్ధతే ఉమ్మడి ప్రాజెక్టుకు ఆధారమైంది.

చీలికలు అన్నిసార్లూ కలవవు. లిబ్రెఆఫీస్ 2010లో మాతృ ప్రాజెక్టు నుంచి విడిపోయి సొంత దారిలోనే నిలబడింది. కలిసినా కలవకపోయినా మీ మాట మాత్రం అచ్చులో మిగిలిపోతుంది. ‘వాళ్లు ఇన్నేళ్లు ఈ పని చేశారు, ఈ విషయంలో మాతో విభేదించారు, వాళ్ల మాటల్లోనే కారణం ఇదీ’ అని ఒక వాక్యం చెప్పి ఊరుకోండి. వాళ్లకు ఉద్దేశాలు అంటగట్టకండి.

8. ‘మాట్లాడేది ఒక్కరే అయ్యుండాలి, మిగతావాళ్ల నోళ్లు కట్టేయండి’

ప్రశ్నలు ఏ చిరునామాకు పంపాలో చెప్పడం మంచి పద్ధతే. ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలి కదా. కానీ జీతం తీసుకోని వలంటీరుకు నోరు మూసుకోమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ప్రయత్నిస్తే, ఆ ప్రయత్నమే రేపటి వార్త.

డెబియన్ అనే లైనక్స్ పంపిణీని చూడండి. సమస్యలను దాచిపెట్టబోమని ఆ ప్రాజెక్టు 1997 నాటి తన సామాజిక ఒప్పందంలోనే రాసుకుంది. 2014లో సిస్టమ్ సేవలను ప్రారంభించే సిస్టమ్‌డీ మీద రగిలిన గొడవ మామూలుది కాదు, డెవువాన్ అనే చీలిక దాకా వెళ్లింది. 2019 డిసెంబరులో ఆ విషయం మీద మళ్లీ ఓటు పెట్టారు. ఓటుకు పెట్టిన ప్రతి ప్రతిపాదన పూర్తి పాఠం, దాన్ని ప్రతిపాదించినవాళ్ల పేర్లు, ఓట్ల లెక్క ఎవరైనా చూడొచ్చు. ఓడిపోయిన పక్షం వాదన కూడా గెలిచిన పక్షం పక్కనే ఉంటుంది. అంతా బయటే ఉన్నచోట విలేకరికి ‘లోపలి కథ’ అమ్మడానికి ఎవరి దగ్గరా సరుకు ఉండదు.

కాబట్టి మీ నోటులో ఓటు లెక్క ఇవ్వండి. మార్పును వ్యతిరేకించినవాళ్ల ప్రధాన అభ్యంతరాన్ని, వాళ్లు ‘అవును, మేమన్నది ఇదే’ అని ఒప్పుకునేలా ఒక వాక్యంలో రాయండి. అచ్చుకు పంపే ముందు ఆ వాక్యం వాళ్లకే చూపించండి.

9. ‘తప్పుడు వార్త వస్తే గట్టిగా ఖండించండి’

2021లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ మ్యూజ్ గ్రూప్ చేతికి వచ్చింది. ఆ జులైలో కొత్త గోప్యతా విధానం విడుదలయ్యాక ‘స్పైవేర్’ అన్న శీర్షికలు హోరెత్తాయి. ఆ ముద్ర అతిగా ఉందని ప్రాజెక్టు అనడంలో న్యాయం ఉంది. కానీ ఆ పత్రంలో చట్టాన్ని అమలు చేసే సంస్థలకు సమాచారం ఇవ్వడం గురించి గోడమీది పిల్లి లాంటి వాక్యం ఉంది. 13 ఏళ్ల లోపువాళ్లు వాడకూడదన్న షరతూ ఉంది. ఆడాసిటీ లైసెన్సైన, ఎవరైనా వాడుకోవచ్చనే జీపీఎల్‌కు అది పొసగదు. కొత్త యజమాని, అంతకుముందు మేలో వెనక్కి తీసుకున్న, వాడకం వివరాలు సేకరించే టెలిమెట్రీ ప్రతిపాదన, ఆపైన అస్పష్టమైన పత్రం. అనుమానానికి ఇంకేం కావాలి? చివరికి పరిస్థితి కుదుటపడింది పత్రాన్ని తిరగరాసి, ఏ సమాచారం సేకరిస్తారో విడమరచి చెప్పాకే.

ఖండన రాసే ముందు మీ పత్రాన్ని మీరే బయటివాడిలా చదవండి. విలేకరి పొరబడిన చోట మీ వాక్యం రెండర్థాలకు చోటిచ్చిందా? ఇస్తే దాన్ని దిద్ది, దిద్దామని బాహాటంగా చెప్పండి. వాక్యం స్పష్టంగానే ఉండి, వార్తే తప్పయితే, విలేకరికి ఫోన్ చేసి ఫలానా వాక్యం తప్పు, సరైనది ఇదీ, ఆధారం ఇదీ అని చెప్పండి. చాలామంది సరిదిద్దుతారు. నోటీసులు, బెదిరింపులు ఒక రోజు బతికే వార్తకు నెల రోజుల ఆయుష్షు పోస్తాయి.

ఇక చేయాల్సింది

ఈ తొమ్మిదీ పక్కన పెట్టాక చేయాల్సింది పెద్దగా ఏమీ మిగలదు. ఒక పేజీ నోటు. మొదటి పేరాలో మూడు సమాధానాలు: నిన్నటిదాకా ఎవరు, రేపటి నుంచి ఎవరు, వాడుకునేవాళ్లకు ఏం మారుతుంది. రెండో పేరాలో కారణం, ఓటు లెక్క, వ్యతిరేకుల అభ్యంతరం. మూడో పేరాలో మారనివి. చివర్లో నియమావళి పూర్తి పాఠం ఎక్కడ ఉందో, ప్రశ్నలకు ఎవరు జవాబిస్తారో, ఏ దేశపు వేళల్లో దొరుకుతారో. దాన్ని ముందు పని చేసేవాళ్లు, తర్వాత సభ్యులు, ఆపైన పత్రికలు చదవాలి.

ఈ ప్రాజెక్టుల మీద ఆధారపడ్డవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఓటు లేదు, సమావేశాల్లో చోటు లేదు. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుసుకునే హక్కు ఒక్కటే వాళ్లకుంది, అది వాళ్లకు చేరేది పత్రికల ద్వారానే. అందుకే మీ ప్రాజెక్టులో ఓటింగు మొదలయ్యే ముందే ఆ మొదటి పేరా రాసి పెట్టుకోండి. ఫలితం వచ్చాక పేర్లూ తేదీలూ నింపుకోవచ్చు. మామూలు మాటల్లో ఆ పేరా రాయలేకపోతున్నారంటే, చేయబోతున్న మార్పేమిటో మీకే ఇంకా తేలలేదని అర్థం. అప్పుడు నోటుతో పాటు ఆ మార్పును కూడా ఆపి, మళ్లీ అందరూ కూర్చుని మాట్లాడుకోండి.